వంటగదిలోని జ్ఞానం – వాడుకరి కేంద్రిత నవకల్పన: గృహ విద్యుత్ పరికరాల ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

గృహ విద్యుత్ పరికరాల రంగంలో వాడుకరి కేంద్రిత నవకల్పన అంటే వాడుకరి కోరిన సౌకర్యాలను యంత్రానికి చేర్చడమేనన్న అభిప్రాయం బలంగా ఉంది. ఈ అవగాహన అసంపూర్ణమైనది. రోజూ పని చేసే చేతికి తెలిసిన విషయాల్లో అధికభాగం మాటల్లోకి రాదు. ఆ జ్ఞానాన్ని పని జరిగేచోటనే పరిశీలించి, కొలిచి, యంత్ర నిర్మాణంలోకి మార్చినప్పుడే పరికరం నిలబడుతుంది. ఈ విషయాన్ని జపాన్‌లో రూపొందిన రైస్ కుక్కర్, రొట్టె యంత్రం, భారతదేశంలో రూపొందిన మిక్సీ, వెట్ గ్రైండర్, చోటూకూల్ అనే ఉదాహరణల ద్వారా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం. ఆ జ్ఞానానికి మూలమైన వ్యక్తులకు నవకల్పన చరిత్రలో దక్కిన స్థానం కూడా ఇందులో చర్చకు వస్తుంది.

కీలకపదాలు: వాడుకరి, నవకల్పన, అంతర్నిహిత జ్ఞానం, రైస్ కుక్కర్, మిక్సీ, వెట్ గ్రైండర్, గృహశ్రమ.

1. ఉపోద్ఘాతం

ఒక కొత్త సాంకేతిక సూత్రాన్ని కనిపెట్టడం ఆవిష్కరణ. ఆ సూత్రం జనజీవనంలో ఉపయోగపడే వస్తువుగా మారి స్థిరపడడం నవకల్పన. ఈ రెండింటి నడుమ దూరం ఎంత ఉంటుందో గృహ విద్యుత్ పరికరాల చరిత్ర స్పష్టంగా చూపుతుంది. విద్యుత్తుతో వేడి పుట్టించవచ్చునన్న సంగతి 19వ శతాబ్దంలోనే తెలుసు. అయినా విద్యుత్తుతో అన్నం తనంతట తాను ఉడికే పాత్ర మార్కెట్లోకి రావడానికి 1955 వరకు ఆగవలసి వచ్చింది. ఆ ఆలస్యానికి కారణం విద్యుత్ శాస్త్రంలోని లోపం కాదు, అన్నం వండే పనిని గురించిన అవగాహనలోని లోపం.

వాడుకరి కేంద్రిత రూపకల్పన అనే భావన 1986లో డొనాల్డ్ నార్మన్, స్టీఫెన్ డ్రేపర్‌ల సంపాదకత్వంలో వెలువడిన గ్రంథంతో విద్యారంగంలో ప్రచారం పొందింది. మొదట కంప్యూటర్ వ్యవస్థల చుట్టూ సాగిన ఈ చర్చ క్రమంగా ఇతర ఉత్పత్తులకు విస్తరించింది. 1999లో ఐ.ఎస్.ఓ. 13407గా, 2010లో ఐ.ఎస్.ఓ. 9241-210గా అంతర్జాతీయ ప్రమాణాలు కూడా ఏర్పడ్డాయి. వాడే సందర్భాన్ని అర్థం చేసుకోవడం, అవసరాలను నిర్ణయించడం, నమూనా తయారు చేయడం, వాడుకరులతో పరీక్షించడం అనే దశలను పునరావృతం చేయాలని ఈ ప్రమాణాలు సూచిస్తాయి. ఇక్కడ పేర్కొనే ఉదాహరణలలో అధికభాగం ఈ పేరు పుట్టకముందువే. పేరు లేకపోయినా పద్ధతి ఉండేదనడానికి అవి సాక్ష్యాలు.

ఈ వ్యాసంలో ‘వాడుకరి’, ‘కొనుగోలుదారు’ అనే పదాలు వేర్వేరు అర్థాల్లో వాడబడ్డాయి. డబ్బు చెల్లించేవారు కొనుగోలుదారు, పరికరంతో రోజూ పని చేసేవారు వాడుకరి. ఇంటి సామగ్రి విషయంలో ఈ ఇద్దరూ ఒకరే కానక్కరలేదు. ‘వినియోగదారు’ అనే ఒకే మాట ఇద్దరినీ సూచించడంవల్ల ఈ భేదం మరుగున పడుతుంది.

2. సైద్ధాంతిక నేపథ్యం

మనిషికి తెలిసినదంతా అతడు చెప్పగలిగినదానికంటె ఎక్కువని మైకేల్ పొలాన్యీ 1966లో ప్రతిపాదించాడు. ఇలా మాటకు అందని ఎరుకను అంతర్నిహిత జ్ఞానం అనవచ్చు. తెలుగు వంటింట్లో దీనికి ఉదాహరణలు కొల్లలు. ‘ఉప్పు తగినంత’, ‘పాకం తీగ సాగేవరకు’, ‘పిండి జారుగా’ అనే మాటలు తెలిసినవారికి పూర్తి కొలతలు, తెలియనివారికి ఏమీ కానివి.

ఎరిక్ వాన్ హిప్పెల్ 1994లో ఈ సమస్యను ఆర్థిక కోణం నుంచి వివరించాడు. కొంత సమాచారం పుట్టినచోటికే అంటిపెట్టుకొని ఉంటుందనీ, దానిని మరొక చోటికి తరలించడానికి ఖర్చు, శ్రమ అధికమనీ అతడు చూపాడు. అవసరానికి సంబంధించిన సమాచారం వాడుకరి వద్ద, పరిష్కారానికి సంబంధించిన సమాచారం తయారీదారు వద్ద ఉంటాయి. కాబట్టి నవకల్పన జరగాలంటే తయారీదారు వాడుకరి ఉన్నచోటికి వెళ్లాలి, లేదా వాడుకరే నవకల్పన చేయాలి. ఇకుజిరో నొనాకా 1991 నుంచి వెలువరించిన రచనలలో అంతర్నిహిత జ్ఞానం వ్యక్త జ్ఞానంగా మారే క్రమాన్ని జపాన్ కంపెనీల అనుభవం ఆధారంగా వివరించాడు.

ఈ సిద్ధాంతాల నుంచి తేలే విషయం ఒక్కటే. ప్రశ్నావళి ద్వారా తెలిసేది వాడుకరి చెప్పగలిగినది మాత్రమే. పరికరాన్ని నిలబెట్టేది తరచుగా ఆ చెప్పగలిగినదానికి అవతల ఉంటుంది.

3. రైస్ కుక్కర్: ఇరవై నిమిషాల రహస్యం

3.1 తొలి ప్రయత్నాలు

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో, తరువాతి కాలంలో సోనీగా మారిన సంస్థను స్థాపించిన మసారు ఇబుకా ఒక విద్యుత్ అన్నపు పాత్రను ప్రయత్నించాడు. చెక్క తొట్టె అడుగున అల్యూమినియం ఎలక్ట్రోడ్లు అమర్చిన నిర్మాణమది. బియ్యం రకాన్నిబట్టి, నీటి పాళ్లనుబట్టి అన్నం ఒకసారి పలుకుగా, ఒకసారి ముద్దగా వచ్చేది. ఆ పాత్ర అమ్మకం దాకా వెళ్లలేదు. ఆ కాలంలో ఇతర కంపెనీలు తెచ్చిన విద్యుత్ పాత్రలు పొయ్యి స్థానంలో విద్యుత్తును పెట్టాయే గాని, దగ్గర నిలబడి చూసే పనిని తప్పించలేదు. ఇంధనం మారింది, శ్రమ మారలేదు.

3.2 ప్రశ్న మారిన తీరు

తోషిబా కంపెనీలో గృహోపకరణాల అమ్మకాలు చూసే షోగో యమాదా బట్టలుతికే యంత్రాన్ని ప్రచారం చేస్తూ తిరిగేటప్పుడు, ఇంటి పనుల్లో అన్నిటికంటె కష్టమైనది ఏదని గృహిణులను అడిగాడు. బట్టలుతకడం కాదు, మూడు పూటలా అన్నం వండడమే కష్టమన్న సమాధానం అతనికి ఎదురైంది. తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేసి, మంట తగ్గించి, పెంచి, పొంగు చూసుకుంటూ నిలబడవలసిన పని అది. నిద్రకు సంబంధించిన సమస్యను వాడుకరులు చెప్పగలిగారు. అన్నం సరిగా ఉడకడానికి మంటను ఎప్పుడు ఆపాలో మాత్రం చెప్పలేకపోయారు. అది వారి చేతికి, కంటికి, ముక్కుకు తెలిసిన సంగతి.

యమాదా ఈ పనిని టోక్యోలో నీటి హీటర్లు తయారు చేసే చిన్న కార్ఖానా యజమాని యోషితదా మినామికి అప్పగించాడు. యంత్రాలు తెలిసిన మినామికి అన్నం వండడం తెలియదు. ఆ భాగాన్ని భార్య ఫుమికో చేపట్టింది. కుటుంబం ఇంటిని తాకట్టు పెట్టి ఈ ప్రయోగాలకు డబ్బు సమకూర్చుకొంది. ఫుమికో రకరకాల పాత్రల్లో, రకరకాల మంటలపై అన్నం వండుతూ ఉష్ణోగ్రతను, కాలాన్ని నమోదు చేసింది.

ఆ నమోదుల నుంచి ఒక క్రమం బయటపడింది. నీరు మరగడం మొదలైన తరువాత సుమారు 20 నిమిషాలు ఆ వేడి నిలిస్తే అన్నం చక్కగా ఉడుకుతుంది. అంతకు మించితే అడుగంటుతుంది, తక్కువైతే పలుకు మిగులుతుంది. తరతరాలుగా చేతులకు తెలిసిన ఎరుక మొదటిసారి ఒక అంకె రూపం ధరించింది.

3.3 అంకె నుంచి యంత్రానికి

ఇరవై నిమిషాలను గుర్తించే గడియారాన్ని పాత్రకు బిగించడం పరిష్కారం కాలేదు. నీరు ఎప్పుడు మరుగుతుందన్నది బియ్యం పరిమాణాన్నిబట్టి, వాతావరణాన్నిబట్టి మారుతుంది. మినామి దంపతులు ఎంచుకొన్న మార్గం రెండు పాత్రల నిర్మాణం. లోపలి పాత్రలో బియ్యం, నీరు ఉంటాయి. బయటి పాత్రలో ఒక చిన్న కప్పుతో కొలిచిన నీరు పోస్తారు. ఆ నీరు ఆవిరైపోవడానికి పట్టే కాలమే వంటకాలం. నీరు ఉన్నంతవరకు పాత్ర అడుగు ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలుస్తుంది. నీరు అయిపోగానే ఉష్ణోగ్రత పైకి పోతుంది, రెండు లోహాల పట్టీ వంగుతుంది, విద్యుత్ ప్రవాహం ఆగిపోతుంది. ఆ తరువాత మూత కిందనే అన్నం ఉమ్మగిలుతుంది.

హొక్కయిడో వంటి శీతల ప్రాంతాల్లో వేడి బయటికి పోయి అన్నం సరిగా ఉడకదన్న సమస్య తరువాత ఎదురైంది. బయట గాలి పొర ఉండేలా మరొక గోడను చేర్చి ఆ వేడిని నిలబెట్టారు. పరికరాన్ని ప్రయోగశాలలో కాక, చలిలోనూ ఎండలోనూ పరీక్షించినందువల్లనే ఈ లోపం అమ్మకానికి ముందే తెలిసింది.

1955 డిసెంబరులో 3,200 యెన్‌ల ధరతో 700 కుక్కర్లు మార్కెట్లోకి వచ్చాయి. దుకాణదారులు మొదట ఆసక్తి చూపలేదు. యమాదా ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. కొద్ది సంవత్సరాల్లోనే కుక్కర్ జపాన్ ఇళ్లలో సాధారణ వస్తువైంది. టైమరును జతచేస్తే రాత్రి బియ్యం పోసిపెట్టి ఉదయం వేడి అన్నంతో లేవవచ్చు. గృహిణులు చెప్పిన అసలు సమస్య నిద్ర. పరికరం చివరకు తిరిగి ఇచ్చినది కూడా నిద్రే.

4. ఒక వంటగది నుంచి మరొక వంటగదికి

వాడుకరి కేంద్రితమైన పరికరం ఒక నిర్దిష్టమైన వాడుకరికి కేంద్రితమైనది. వాడుకరి మారితే కేంద్రం మారుతుంది. హాంకాంగ్‌లో అన్నం ఉడుకుతున్నప్పుడే పైన చైనీయ సాసేజీలు పెట్టి ఆవిరిలో ఉడికించుకొనే అలవాటుంది. వాటిని వేయవలసిన సమయం తెలియాలంటే లోపల ఏమి జరుగుతోందో కనబడాలి. అక్కడి పంపిణీదారు సూచనపై మత్సుషితా కంపెనీ తన నేషనల్ కుక్కర్ మూతకు గాజు కిటికీ అమర్చింది. ఇరాన్‌లో అన్నం అడుగున ఏర్పడే గట్టి పొర, తహ్‌దీగ్, భోజనంలో అపురూపమైన భాగం. జపాన్ కుక్కర్ ఏ స్థితి రాకుండా జాగ్రత్తపడిందో, ఇరాన్ కుక్కర్ ఆ స్థితినే కోరి తెచ్చేలా మారవలసి వచ్చింది. తెలుగువారు ‘మాడు’ అని తీసిపారేసేది మరొక వంటగదిలో అతిథికి వడ్డించే పదార్థం.

తెలుగు ఇళ్ల విషయంలో ఈ అంశం మరింత ఆసక్తికరం. తెలుగులో అన్నం వండడానికి రెండు పద్ధతులున్నాయి. ఎసరు మరిగిన తరువాత బియ్యం వేసి, ఉడికాక గంజి వార్చడం ఒకటి. నీరంతా మెతుకే పీల్చుకొనేలా కొలిచి పోసే అత్తెసరు మరొకటి. రైస్ కుక్కర్ స్వభావరీత్యా అత్తెసరు యంత్రం. నీరు ఇంకిపోవడమే దానికి ఆగమని చెప్పే సంకేతం. ఇటీవలి సాధారణ కుక్కర్లలో కూడా సూత్రం ఇదే. నీరు ఇంకగానే పాత్ర అడుగు వేడి 100 డిగ్రీలు దాటుతుంది, అయస్కాంతం పట్టు కోల్పోతుంది, మీట టక్కున పడుతుంది.

అందువల్ల కుక్కర్ వచ్చిన ఇంట్లో గంజి వార్చడం తగ్గుతుంది. గంజి తాగడానికి, బట్టలకు పెట్టడానికి, పశువుల కుడితిలో కలపడానికి పనికివచ్చే పదార్థం. ఒక పనిని తేలిక చేసిన యంత్రం దానితో ముడిపడిన ఇతర పనులను తెలియకుండానే తొలగించగలదు. ‘ఎసరు ఎంత పోయాలి’ అన్న ప్రశ్నకు గిన్నె లోపలి గీతలు సమాధానం చెప్తాయి. కొత్త బియ్యానికీ పాత బియ్యానికీ నీటి పాళ్లు ఒకటి కావన్న ఎరుక మాత్రం ఆ గీతల్లో లేదు. దానిని ఇప్పటికీ వండేవారే పూరించుకొంటున్నారు.

5. రొట్టె యంత్రం: శిష్యరికమే పరిశోధన

నొనాకా రచనల ద్వారా ప్రసిద్ధమైన ఉదాహరణ మత్సుషితా రొట్టె యంత్రం. 1980ల మధ్యలో తయారైన తొలి నమూనాల్లో రొట్టె పైభాగం మాడేది, లోపల పచ్చిగా మిగిలేది. ఇంజనీర్లు పిండి ముద్దల ఎక్స్‌రే చిత్రాలను పోల్చి చూసినా కారణం తేలలేదు. అప్పుడు ఆ బృందంలో సాఫ్ట్‌వేర్ రూపొందించే ఇకుకో తనాకా మంచి రొట్టెకు పేరుపొందిన ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌లో ప్రధాన తయారీదారు వద్ద పిండి పిసకడం నేర్చుకొంది. అతడు పిండిని సాగదీయడంతోపాటు మెలితిప్పుతున్నాడన్న సంగతి ఆమె పరిశీలనకు వచ్చింది. ఆ తయారీదారుకు అది అలవాటే తప్ప వివరించదగిన విషయంగా తోచలేదు.

మనిషి చేతిని అనుకరించే యంత్రపు చేయిని తయారు చేయడం అసాధ్యం కాకపోయినా ఇంటి పరికరంలో అనవసరం. ఇంజనీర్లు పాత్ర లోపలి గోడకు ప్రత్యేకమైన ఉబ్బులు అమర్చారు. తిరిగే పిండి వాటికి తగిలి మెలితిరుగుతూ సాగింది. 1987లో వెలువడిన ఈ యంత్రం విజయవంతమైంది. పని చేసేవారి కదలికను యథాతథంగా అనుకరించనక్కరలేదు. ఆ కదలిక వల్ల కలిగే ఫలితాన్ని గుర్తించి మరొక మార్గాన సాధిస్తే చాలు.

6. రోలు, మిక్సీ, గ్రైండర్

భారతీయ వంటగది నుంచి రెండు ఉదాహరణలు ఈ సూత్రాన్ని బలపరుస్తాయి. పాశ్చాత్య బ్లెండర్లు పండ్లరసాలు, సూపులు వంటి మెత్తని పదార్థాల కోసం రూపొందినవి. ఎండుమిరపకాయలు, పసుపు కొమ్ములు, నానిన పప్పు, కొబ్బరి వాటిలో వేస్తే మోటారు తట్టుకోలేదు. 1960లలో ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో విదేశీ మిక్సర్ చెడిపోయినప్పుడు, భారతీయ వంటకు తట్టుకొనే యంత్రం కావాలన్న భార్య మాధురి మాటే ‘సుమీత్’ మిక్సీకి ప్రారంభమైంది. ఎక్కువ శక్తిగల మోటారు, స్టీలు జార్లు, తడిరుబ్బుకూ పొడికొట్టుకూ వేర్వేరు బ్లేడ్లు ఆ అవసరం నుంచి వచ్చినవే. ఇక్కడ వాడుకరి, ఇంజనీరు ఒకే ఇంట్లో ఉన్నారు. వాన్ హిప్పెల్ చెప్పిన దూరం ఆ ఇంట్లో లేదు.

మిక్సీ పచ్చడికి, పొడికి సరిపోయినా ఇడ్లీ పిండి విషయంలో రోలుకు సాటి రాలేదు. వేగంగా తిరిగే బ్లేడు పప్పును కోస్తుంది, పిండిని వేడెక్కిస్తుంది. రోలు నెమ్మదిగా నలుపుతుంది, పిండిలోకి గాలిని చేరుస్తుంది. మినప్పిండి పొంగి తేలికగా రావాలంటే ఈ భేదం కీలకం. కోయంబత్తూరులో 1955లో పి. సభాపతి రూపొందించినట్లు ప్రసిద్ధమైన వెట్ గ్రైండర్ రాతిని వదలలేదు. అయితే చేతి కదలికను తలకిందులు చేసింది. ఇంట్లో రోలు కదలదు, పొత్రం తిరుగుతుంది. గ్రైండర్‌లో పాత్ర తిరుగుతుంది, పొత్రం ఒకచోట నిలిచి ఉంటుంది. నిలుపుకోవలసినది రాతి నలుపుడు, వదలదగినది చేతి తిప్పుడు అన్న వివేచన ఇందులో ఉంది. ఆ తరువాత కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

7. పద్ధతికి గల హద్దులు: చోటూకూల్

వాడుకరులను కలుపుకొన్నంత మాత్రాన విజయం ఖాయం కాదు. గోద్రెజ్ అండ్ బాయిస్ సంస్థ రిఫ్రిజిరేటర్ కొనలేని గ్రామీణ కుటుంబాల కోసం చోటూకూల్ అనే చిన్న శీతలపేటికను రూపొందించింది. 2008లో మహారాష్ట్రలోని ఉస్మానాబాద్‌లో గ్రామీణ మహిళలతో సమావేశమై వారి అభిప్రాయాల మేరకు నమూనాను తీర్చింది. సుమారు 8 కిలోల బరువు, 43 లీటర్ల సామర్థ్యం, పైకి తెరుచుకొనే మూత, కంప్రెసర్‌కు బదులు థర్మోఎలక్ట్రిక్ చిప్, 12 వోల్టుల బ్యాటరీతో కూడా పని చేసే ఏర్పాటు దీని లక్షణాలు. రూపకల్పనకు ప్రశంసలు దక్కాయి. గ్రామీణ ఇళ్లలో ఆశించిన ఆదరణ మాత్రం దక్కలేదు. సంస్థ తరువాత దీనిని చిన్న దుకాణాలు, వాహనాలు, నగర వాడుకరుల వైపు మళ్లించింది.

ఈ అనుభవాన్ని రెండు విధాలుగా వ్యాఖ్యానించవచ్చు. వస్తువు బరువు, రంగు, మూత గురించి అడిగితే వాడుకరులు సమాధానం చెప్పగలరు. ఏ పూట కూర ఆ పూటే కొనే ఇంట్లో, పాలు వచ్చిన వెంటనే కాచే ఇంట్లో చల్లని పేటిక ఏ పనిని తొలగిస్తుందన్నది మరొక ప్రశ్న. రైస్ కుక్కర్ రోజూ మూడు పూటలా ఉన్న శ్రమను తొలగించింది. చోటూకూల్ అప్పటికి ఇంట్లో లేని ఒక అలవాటును ఏర్పరచవలసి వచ్చింది. అంతేగాక, పేద ఇంటికి కూడా రిఫ్రిజిరేటర్ సామాజిక గౌరవానికి గుర్తు. మంచుగడ్డ కట్టని చిన్న పేటిక ఆ గౌరవాన్ని ఇవ్వలేదు. అభిప్రాయం చెప్పిన స్త్రీలు వాడుకరులే. కొనుగోలు నిర్ణయంలో వారి మాట ఎంత చెల్లుతుందన్నది వేరే విషయం.

8. పరిశోధనకు సూచనలు

పై ఉదాహరణలను కలిపి చూస్తే మూడు అంశాలు స్పష్టమవుతాయి. మొదటిది, సమస్యను వాడుకరి చెప్పగలరు, పరిష్కారానికి కావలసిన కొలతను పనిలోంచే వెలికితీయాలి. గృహిణులు ‘అన్నం వండడం కష్టం’ అన్నారు, ఇరవై నిమిషాల సంగతి ఫుమికో ప్రయోగాల్లో తేలింది. రెండవది, పనిలో ఏది నిలపాలో ఏది వదలాలో తేల్చుకోవడమే రూపకల్పన. మూడవది, ఆ పనికి అనుబంధమైన ఇతర పనులను కూడా చూడాలి, లేకపోతే గంజి వంటివి లెక్కలోకి రాకుండా పోతాయి.

తెలుగు ప్రాంతపు గృహోపకరణాల వాడకంపై పరిశోధన చేసేవారు ప్రశ్నావళితో ఆగకుండా, వంట జరిగే వేళకు వంటింట్లో ఉండి నమోదు చేయడం అవసరం. కుక్కర్ ఉన్న ఇంట్లో కూడా కొందరు వార్చిన అన్నాన్నే ఎందుకు కోరుతారు, మిక్సీ ఉండగా రోటిపచ్చడి ఎందుకు వేరుగా నిలిచింది వంటి ప్రశ్నలు మంచి ప్రారంభాలు. ఇలాంటి వ్యత్యాసాలను వాడుకరి మూఢత్వంగా కాక, యంత్రంలోకి ఇంకా చేరని జ్ఞానంగా చూడాలి.

ముగింపు

వాడుకరి కేంద్రిత నవకల్పనలో కేంద్రం ఎవరన్నది చివరి ప్రశ్న. రైస్ కుక్కర్ చరిత్రలో కంపెనీ పేరు, అమ్మకాల అధికారి పేరు, కార్ఖానా యజమాని పేరు ముందు వరుసలో నిలుస్తాయి. రాత్రింబవళ్లు అన్నం వండి అంకెలు రాసుకొన్న ఫుమికో పేరు వాటి తరువాత వస్తుంది. ఆమె పేరైనా మిగిలింది. రొట్టె పిండి మెలితిప్పిన తయారీదారు చాలా రచనల్లో కేవలం వృత్తితోనే ప్రస్తావనకు వస్తాడు. రోటి దగ్గర కూర్చుని పిండి ఎప్పుడు నలిగిందో వేళ్లతో చూసి చెప్పిన లక్షలాది స్త్రీలకు ఏ చరిత్రలోనూ పేరు లేదు. వాడుకరి జ్ఞానాన్ని తీసుకోవడం ఎంత ముఖ్యమో, అది ఎవరి జ్ఞానమో నమోదు చేయడం కూడా అంత ముఖ్యం. అలా నమోదు చేసినప్పుడే వాడుకరి, పరిశీలనకు గురైన వ్యక్తిగా మిగిలిపోక, నవకల్పనలో భాగస్వామిగా గుర్తింపు పొందుతుంది.